ఎనిమిది ఇటుకల గాలి

చిట్టా 1. వేరు శాతం 94.

డ్యూటీ ఎక్కేముందు ఎవరి కోపం వాళ్ళు ఒక పుస్తకంలో రాసి పక్కన పెట్టి, చల్లటి మనసుతో లోపలికి పోవాలని కొత్త నిబంధన వచ్చింది. గ్యాసులోంచి బొగ్గుపులుసు గాలి తీసేసి మంటకు పంపినట్టే, మనిషిలోంచి కోపం తీసేసి పనికి పంపాలట. పుస్తకం వాళ్ళే ఇచ్చారు. అట్ట మీద నా పేరుంది: టి. సమ్మక్క, కడుగుడు టవర్, రెండో షిఫ్టు. నిండిన పుస్తకాలు ఎవరూ చదవరట, నేలమాళిగలో పెట్టి తాళం వేస్తారట. అది విన్నాకే నాకు రాయాలని బుద్ధి పుట్టింది. చదివేవాళ్ళు లేరంటే ఇంకేం, నోటికొచ్చింది రాసుకోవచ్చు.

బొగ్గును నేరుగా తగలబెట్టే కాలం మా మామ కాలంతోనే పోయింది. ఇప్పుడు ముందు దాన్ని గ్యాసు చేస్తారు. ఆ గ్యాసు నా టవర్లోకి అడుగు నుంచి ఎక్కుతుంది, పై నుంచి చల్లటి మందు కురుస్తుంది. ఒత్తిడి మీద ఆ మందు బొగ్గుపులుసు గాలిని మింగేస్తుంది, మిగిలిన హైడ్రోజన్ మంటకు పోతుంది. తర్వాత మందును పక్క డ్రమ్ములోకి వదిలి ఒత్తిడి తీసేస్తే, గోలీసోడా కొట్టినట్టు బుస్సుమని గాలి బయటికొస్తుంది. దాన్ని పైపులో పెట్టి పాతాళ శాఖకు అప్పగిస్తాం, వాళ్ళు భూమి అడుక్కి దింపుతారు. నూటికి ఎంత వేరు చేశామో అదే మా శాతం. తొంభై కంటే తగ్గితే దాన్ని కలిపిన నేరం అంటారు. ఉద్యోగం పోతుంది, దాంతోపాటు క్వార్టరూ పోతుంది. నాది పద్నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా తొంభై రెండు దిగలేదు, పోయినేడు మెడల్ కూడా ఇచ్చారు.

ఈ రోజు కోపం చిన్నదే. మా ఇంట్లో చెత్తబుట్టలు పదకొండు. మొన్నటిదాకా తొమ్మిదే ఉండేవి. కరివేపాకు ఆకు వేరు, రెమ్మ వేరు అని మునిసిపాలిటీ వాళ్ళు ఇంకో రెండు తెచ్చిపెట్టారు. పొద్దున బండి వచ్చింది. బండివాడు పదకొండు బుట్టలూ ఒకే బండిలో గుమ్మరించాడు. ఇదేం పని తమ్మీ అని అడిగితే, వేరు చేయించేదాకే మా బాధ్యత అక్కా, తర్వాతిది మాకు రాయలేదు అన్నాడు. రాశాను. కోపం దిగింది. టవర్ ఎక్కుతున్నాను.

చిట్టా 9. వేరు శాతం 94.

మా కాలనీలో దోమలు మాయమయ్యాయి.

గుంత కాలనీ అంటే నిజంగా గుంతే. ఒకప్పుడు బొగ్గు తవ్విన గొయ్యి. బొగ్గు అయిపోయాక అడుగు చదును చేసి మాకు క్వార్టర్లు కట్టారు. ప్లాంటు పైన అంచు మీద ఉంటుంది, దాని పక్కనే ఆఫీసర్ల గట్టు కాలనీ. అక్కడ ఇంటి కోసం పేరు రాయించి పదకొండేళ్ళయింది. గుంతలో దోమలు ఎప్పుడూ కాళ్ళు పీకేవి. ఈ వారం ఒక్కటీ లేదు. పొద్దున ఊడ్చేటప్పుడు చూస్తే నేల మీద నల్లగా రాలి ఉన్నాయి.

మునిసిపాలిటీ వాళ్ళు ఊరుకుంటారా? దోమల నిర్మూలనలో మొదటి కాలనీ అని బ్యానర్ కట్టి, ఇంటికో లడ్డూ పంచారు. ఏం మందు కొట్టారని ఎవరూ అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. పక్కింటి పోశవ్వ మాత్రం లడ్డూ తీసుకోలేదు. ఆమె గంప కింద కమ్మిన కోళ్ళలో నాలుగు తెల్లారేసరికి చచ్చి ఉన్నాయి. ఎవరి దిష్టో తగిలిందని ఆమె పొద్దంతా పేరు పెట్టకుండా అందరినీ తిట్టింది. ఆ తిట్లలో సగం నాకేనని నాకు తెలుసు, ఆమె కోళ్ళు గుడ్లు బాగా పెడుతున్నాయని పోయిన వారం అన్నది నేనే.

చిట్టా 16. వేరు శాతం 95. ఇటుకలు 1.

సాయంత్రం గడప దగ్గర పెట్టిన దీపం నిలవడం లేదు. వెలిగిస్తే ఆరుతుంది. గాలి లేదు, ఆకు కదలడం లేదు, అయినా ఆరుతుంది. వాడకట్టులో ఏ ఇంటి గడప దగ్గర చూసినా అదే సంగతి. అమ్మవారికి కోపం వచ్చిందని ఆడవాళ్ళు చందాలు మొదలుపెట్టారు.

మా మామ రాజమల్లుకి ఎనభై నాలుగేళ్ళు. మా ఆయన పోయాక కూడా నా దగ్గరే ఉంటున్నాడు, నాకూ ఆయన లేకపోతే ఇల్లు ఇల్లులా ఉండదు. ఆయన గనిలో సర్దార్ పని చేశాడు. అంటే అందరికన్నా ముందు దిగి, గాలి మంచిదో కాదో చూసి, తర్వాత కూలీలను రానిచ్చే పని. గాలి మంచిగా ఉన్న చోట సుద్దతో తేదీ వేసి పొట్టి సంతకం పెడతాడు. బాగాలేని చోట సంతకం పెట్టడు, అడ్డకర్ర కడతాడు. ఆ కర్ర దాటి మేనేజరైనా పోవడానికి లేదు. ఆయన తన పాత సేఫ్టీ ల్యాంపును పెట్టెలోంచి తీసి, తుడిచి, వెలిగించి గడప మీద పెట్టాడు. ఆరింది. మళ్ళీ వెలిగించి ఒక ఇటుక అడ్డంగా వేసి దాని మీద పెట్టాడు. నిలిచింది. అప్పుడు నా వైపు తిరిగాడు.

"గిది అమ్మవారి కోపం గాదు బిడ్డా. సచ్చిన గాలి. బరువుంటది, నీళ్ళ లెక్క కిందికే పారుతది. దీపం ఆరినకాడ మనిషి ఉండొద్దు."

గోడ మీద ఒక ఇటుక ఎత్తున సుద్దతో గీత గీశాడు. తేదీ వేశాడు. సంతకం పెట్టలేదు.

ఆ సచ్చిన గాలి ఎక్కడిదో ఈ ఊళ్ళో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

చిట్టా 19. వేరు శాతం 95. ఇటుకలు 2.

షిఫ్టు కన్నా ముందే పోయి ప్లాంటు వెనక గోడ చుట్టూ తిరిగాను. పద్నాలుగేళ్ళలో అటువైపు పోవడం ఇదే మొదలు, ఎందుకంటే అక్కడ నా పని లేదు. పాతాళ శాఖ బావికి పోవాల్సిన పైపుకు అడ్డంగా మూత బిగించి ఉంది. దానికి పక్కనుంచి కొత్త పైపు ఒకటి గోడలోంచి బయటికి పెట్టారు. మోకాలెత్తున ఉంది, నోరు గుంత వైపు. అంచుకు మంచు పట్టి ఉంది. తెల్లటి ఆవిరి నేలను పట్టుకుని మెల్లగా మా ఇళ్ళ వైపు దిగిపోతోంది. పద్నాలుగేళ్ళుగా నేను చెమటోడ్చి వేరు చేస్తున్న గాలి అదే.

నేరుగా ప్రభంజన్ సారు దగ్గరికి పోయాను. ఆయన ప్లాంటు మేనేజరు, మంచి మనిషే, కానీ నిబంధనల పుస్తకం చూడకుండా తుమ్మడు కూడా. ఆయన దాచలేదు. పాతాళం నిండిందట. బావి ఇంక గ్యాసు పట్టనంటోందని ఆ శాఖ రెండు నెలల కిందే రాసింది. కొత్త బావికి ఇంకా స్థలం చూడలేదు. ప్లాంటు ఆపడానికి లేదు. అందుకని అటు వదులుతున్నారు.

అయితే మనం వేరు చేసి ఏం లాభం సారూ అన్నాను. ఆయనకు నా ప్రశ్న అర్థం కాలేదు. చట్టం వేరు చేయమంది, చేశాం కదా అన్నాడు. పొగగొట్టంలోంచి వచ్చేదే లెక్కలోకి వస్తుందట, ఇది పొగగొట్టం కాదు కదా, పైపు. సరే, కనీసం దాన్ని పైకి లేపండి, ఆకాశంలో కలిసిపోతుంది, మా ఇళ్ళలోకి రాదు అన్నాను. అప్పుడు ఆయన నా మీద జాలిపడ్డాడు.

"సమ్మక్కా, ఇరవై అడుగులు దాటితే దాన్ని పొగగొట్టం అంటారు. పొగగొట్టం అంటే లెక్కలోకి వస్తుంది. లెక్కలోకి వస్తే మన శాతం సున్నా. నీ మెడల్ కూడా వెనక్కి ఇవ్వాలి."

"కింద మా ఇండ్లున్నయి సారూ."

"ఇళ్ళు నివాస శాఖ కిందికి వస్తాయి."

ఇంకేం రాయను? చదువుకున్నవాడి కంటే సాకలివాడు మేలని ఊరికే అనలేదు పెద్దలు. ఈ రోజు కోపం పుస్తకంలోకి పూర్తిగా దిగలేదు, కొంత మిగిలింది.

చిట్టా 24. వేరు శాతం 94. ఇటుకలు 3.

మూడు శాఖలకు అర్జీలు పెట్టాను. రోలు పోయి మద్దెలతో మొరపెట్టుకున్నట్టయింది. మంటకు ముందు పని చూసే ముందు శాఖ, అది మంటకు ముందు జరిగేది కాదంది. మంట శాఖ, అది అసలు మండదు కాబట్టి మాది కాదంది. పాతాళ శాఖ, భూమి మీద తిరిగేది మాది కాదంది. మూడు జవాబులూ ఒకే రోజు వచ్చాయి, మూడింటి కిందా చివర "ముందే వేరు, తర్వాతే మంట" అన్న నినాదం ఉంది.

నివాస శాఖ మాత్రం కదిలింది. కదలకపోతేనే బాగుండేది. ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమన్నట్టు, గాలి కింద ఉందంటే మంచాలు పైకి లేపుకోమన్నారు. మంచం ఒక్కటికి పన్నెండు ఇటుకలు, కోడు కింద మూడు చొప్పున. లారీలో తెచ్చి వరసలో నిలబెట్టి వేలిముద్రలు వేయించుకుని ఇచ్చారు. ఇటుకల మీద కూడా నినాదం అచ్చు కొట్టి ఉంది. ఇది మమ్మల్ని పొమ్మనలేక పొగబెట్టడమేనని పోశవ్వ లారీవాడి మొహం మీదే అంది. వాడు పొగ లేదు కదా పెద్దమ్మా, పొగ ముందే తీసేశారు అన్నాడు.

మామ ఆ ఇటుకలు మంచానికి పెట్టలేదు. గోడ పక్కన ఒకదాని మీద ఒకటి పేర్చి, రోజూ పొద్దున ల్యాంపు పెట్టి కొలవడానికి వాడుతున్నాడు. వాడకట్టు మొదట్లో అడ్డకర్ర కూడా కట్టాడు. జనం దాని కింద నుంచి వంగి పోతున్నారు. వంగితే గాలికి ఇంకా దగ్గరవుతారని ఆయన అరుస్తుంటాడు, ఎవరూ వినరు. ఏం చేస్తారు, ఇళ్ళు లోపలే కదా ఉన్నాయి.

చిట్టా 31. వేరు శాతం 95. ఇటుకలు 4.

ఈ రోజు ఎలా రాయాలో తెలియడం లేదు.

లచ్చి నా మనవరాలు, నా బిడ్డ స్వరూప కూతురు. తొమ్మిది నెలలు. అల్లుడు పడమటి గనుల్లో ఉంటాడు, రెండు వారాలకోసారి వస్తాడు. స్వరూప క్యాంటీన్‌లో మొదటి షిఫ్టు చేస్తుంది. అది పోయాక పాప నా దగ్గరా మామ దగ్గరా ఉంటుంది. ఆ పిల్లకు ఇప్పుడే పాకడం వచ్చింది. మంచం మీద ఉంచితే ఊరుకోదు, కిందికి దింపమని గీపెడుతుంది. పొద్దున నేను అరుగు మీది పొయ్యి దగ్గర ఉన్నాను. మామ నీళ్ళకు పోయాడు. పిల్ల ఎప్పుడు మంచం మీది నుంచి జారిందో చూడలేదు. చప్పుడు లేదు. పిల్ల ఉన్న ఇంట్లో చప్పుడు లేకపోతేనే భయపడాలి, నాకు అది తోచలేదు.

చూసేసరికి చాప మీద బోర్లా పడుకుని ఉంది. నిద్రపోతుందనుకున్నాను. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. పెదాలకు రంగు లేదు. ఎత్తితే చేతులు గుడ్డ పీలికల్లా వేలాడాయి. వీపు మీద కొట్టాను, పేరు పెట్టి అరిచాను, పిల్లను నెత్తి మీదికి ఎత్తి పట్టుకుని మంచం ఎక్కి నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపు విని నేను కూడా ఏడ్చాను. మామ బిందె అక్కడే పడేసి వచ్చి, పిల్లను కాదు, నన్ను పట్టుకున్నాడు.

పిల్ల పాకితే ముక్కు నాలుగు ఇటుకల ఎత్తున ఉంటుంది. ఆ గీత మామ పొద్దున్నే గీశాడు. నేను దాని పక్కనుంచే పోయి పొయ్యి వెలిగించుకున్నాను.

మధ్యాహ్నం డ్యూటీకి పోయి మళ్ళీ తొంభై అయిదు తీశాను. నా చేతులతో తీసిన ఆ గాలే నా పిల్ల ముక్కులోకి పోయింది. ఇది రాస్తే కోపం దిగుతుందని నిబంధన చెబుతోంది, కానీ దిగలేదు.

చిట్టా 34. వేరు శాతం 94. ఇటుకలు 5.

పిల్లను దూలానికి కట్టిన ఊయలలోనే ఉంచుతున్నాం. కిందికి దించడం లేదు. పొద్దంతా ఊయల అంచు పట్టుకుని నేల వైపు చూసి ఏడుస్తుంది.

ఆరోగ్య శాఖ నర్సమ్మ నెలవారీ తనిఖీకి వచ్చింది. పిల్లను మంచం మీద పెట్టి చూసి, ఈ వయసుకు ఉండాల్సినంత పాకుడు లేదని పచ్చ కార్డు మీద రాసింది. "పాకుడులో వెనకబాటు. రోజుకు రెండు గంటలు నేల మీద వదలవలెను." నేల సంగతి ఆమెకు వివరించాను. పాపం ఆమెకూ తల నొప్పిగా ఉంది, గుమ్మంలోనే నిలబడి రాసుకుంటోంది. గాలి తన కార్డులో లేదంది. మూడు నెలల్లో పిల్ల నేల మీద పాకకపోతే పాల డబ్బాలు ఆపేస్తారని కూడా చెప్పింది. స్వరూప ఆ కార్డు చింపబోతే నేనే ఆపాను. చింపిన కార్డును ఏ బుట్టలో వేయాలో కూడా మళ్ళీ కొట్లాటే.

చిట్టా 38. వేరు శాతం 95. ఇటుకలు 6.

కమిషనర్ వస్తున్నాడు. వసుధేంద్ర గారు. అన్ని శాఖల మీదా ఆయనే పెద్ద. ఆయన నిరాడంబరుడని పేరు. ఎక్కడికి పోయినా ఒక కార్మికుడి ఇంట్లో నేల మీద కూర్చుని భోంచేస్తాడు, ఫొటో దిగుతాడు. మెడల్ వచ్చిందాన్ని కాబట్టి ఈసారి మా ఇల్లు పడింది.

నాకు ఎంత సంతోషమేసిందంటే, ఈ పుస్తకంలో కోపం కాక వేరేది రాయడం ఇదే మొదలు. నేల మీద కూర్చుంటే ఆయనకే తెలుస్తుంది. అర్జీ అక్కర్లేదు, వివరించాల్సిన పనీ లేదు, ఆయన ముక్కే ఆయనకు చెబుతుంది. మొక్కుకున్నాను కూడా.

ప్రభంజన్ సారు పిలిచి ఆ రోజు శాతం తొంభై ఆరు ఉండాలన్నాడు. మందు ఎక్కువ కురిపించమన్నాడు. ఎక్కువ వేరు చేస్తే ఎక్కువ కిందికి దిగుతుంది సారూ, ఆయన వచ్చేది అక్కడికే అన్నాను. భోజనం ఏర్పాట్లు ప్రోటోకాల్ వాళ్ళవి, నీ పని శాతం అన్నాడు.

చిట్టా 40. వేరు శాతం 96. ఇటుకలు 8.

పొద్దున్నే మనుషులు వచ్చి వాడకట్టంతా సున్నం కొట్టారు. నెల రోజులుగా మామ గీసిన గీతలన్నీ పోయాయి. అడ్డకర్ర తీసి పక్కన పారేశారు. మామ కర్ర ఏరి తెచ్చుకుని ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూర్చున్నాడు.

జొన్నరొట్టె, పచ్చిపులుసు, పోశవ్వ చివరి కోడితో కూర. చాప వేసి ఆకులు వేశాను. కమిషనర్ లోపలికి రాగానే దండం పెట్టి, సారూ మంచం మీద కూసోండ్రి, కింద గాలి మంచిగలేదు అని అందరిముందూ చెప్పాను. ఆయన నవ్వి, నేను నేల మనిషినమ్మా అన్నాడు. ఫొటో తీసేవాడు ఆ మాట మళ్ళీ అనమన్నాడు. ఆయన మళ్ళీ అన్నాడు. పెద్దసారు కూర్చున్నాక చిన్నసార్లు నిలబడతారా, ప్రభంజన్ సారూ ఇంకో నలుగురూ వరసగా కూర్చున్నారు.

ఆకు ముందు ఇత్తడి దీపం పెట్టడం వాళ్ళ పద్ధతట. వెలిగించారు, ఆరింది. మూడుసార్లు వెలిగించారు. మంటను తర్వాత కంప్యూటర్లో పెడతానని ఫొటో అతను అన్నాడు. కమిషనర్ అది కూడా మెచ్చుకున్నాడు, వెలిగించకుండానే వెలుగు చూపడం గొప్ప పొదుపని. ఆయన వంగి ముద్ద నోట్లో పెట్టుకుంటున్నాడు, లేస్తున్నాడు, మళ్ళీ వంగుతున్నాడు. నాలుగో ముద్దకు మొహం ఎర్రబడింది. కారం బాగుందన్నాడు. రొప్పడం మొదలుపెట్టాడు. అయిదో ముద్దకు ఆవలించాడు. ఆరోదానికి వంగినవాడు లేవలేదు, పచ్చిపులుసులో మొహం పెట్టి అలాగే ఉండిపోయాడు. పక్కన ప్రభంజన్ సారు గోడకు జారబడి నోరు తెరిచి చూస్తున్నాడు. ఆయన కళ్ళల్లో నాకు లచ్చి కళ్ళు కనబడ్డాయి.

"లేపుండ్రి. నిలబెట్టుండ్రి అందర్నీ!" మామ గొంతు గనిలో అరిచినట్టు వచ్చింది. ఎనభై నాలుగేళ్ళ మనిషి ఒక్క ఊపులో దిగి కమిషనర్ను చంకల కింద పట్టి లేపాడు. నేను కాళ్ళు పట్టాను. మంచం మీదికి ఎత్తి, అక్కణ్ణుంచి నలుగురం కలిసి గట్టు మీదికి మోశాం. ప్రభంజన్ సారునూ మిగతావాళ్ళనూ వాడకట్టువాళ్ళు లేపి తెచ్చారు. పావుగంటలో ఆయన కళ్ళు తెరిచాడు. నీళ్ళు తాగాడు. మామ ఆయన ముందు నిలబడి చెప్పాడు.

"సారూ, మీరు కూసున్నది ఆరు ముద్దలసేపు. మా పిల్లలు పొద్దుమాపు గా గాలిలనే ఉన్నరు."

కమిషనర్ తల ఊపాడు. అన్నీ అర్థమయ్యాయని, తప్పకుండా చర్య తీసుకుంటానని చెప్పి మామ చేయి పట్టుకున్నాడు. నేను నమ్మాను. నిజంగానే నమ్మాను. రాత్రి పిల్లను ఊయలలో ఊపుతూ, ఇంక కొన్ని రోజులే బిడ్డా అని చెప్పాను కూడా.

చిట్టా 42. వేరు శాతం 96. ఇటుకలు 7.

చర్య వచ్చింది. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ దించుతున్నాను.

ఇకపై గుంత కాలనీ పర్యటనల్లో ప్రముఖులకు పది ఇటుకల ఎత్తుకు తగ్గని కుర్చీలు వేయవలెను. భోజనంలో కారం తగ్గించవలెను. తొంభై ఆరు శాతం సాధించిన ఆపరేటర్ టి. సమ్మక్కను అభినందిస్తూ, వచ్చే నెల నుంచి ఆమె లక్ష్యాన్ని తొంభై ఏడుగా నిర్ణయించడమైనది.

స్వరూప పైకి చదివింది. మొదట నవ్వాను. పోశవ్వ కూడా నవ్వింది. తర్వాత ఆ కాగితం కొంగున కట్టుకుని ప్లాంటుకు పోయాను.

ప్రభంజన్ సారు ఇంకా తలకు గుడ్డ కట్టుకునే ఉన్నాడు. ఆయన కూడా ఆ నేల మీద కూర్చున్నవాడే కదా, ఆయనకైనా తెలియాలి కదా. అడిగాను. నాకు తెలుసు సమ్మక్కా, కానీ తెలిసినట్టు రాయడానికి ఫారం లేదు అన్నాడు. ఆ ఒక్క మాట మాత్రం ఆయన పుస్తకం చూడకుండా అన్నాడు.

చిట్టా 43.

ఈ రోజు కోపం ఇక్కడ దించడం లేదు. వెంట పెట్టుకుని లోపలికి పోతున్నాను.

చిట్టా 44. వేరు శాతం 0. ఇటుకలు 0.

నిన్న షిఫ్టు ఎక్కగానే మందు పంపు ఆపాను. టవర్ను తప్పించి గ్యాసు నేరుగా మంటకు పోయే పక్కదారి ఒకటుంది, పద్నాలుగేళ్ళుగా ఎవరూ తెరవలేదు. దాని వాల్వుకు తుప్పు పట్టి ఉంది. పానా వేసి, కాలు తన్నిపెట్టి తిప్పాను. తిరిగింది. మంట మందగించింది, కరెంటు నాలుగోవంతు పడిపోయింది, గట్టు కాలనీలో నీళ్ళు కాగడం ఆగిపోయిందని ఫోన్లు మొదలయ్యాయి. వాల్వు చక్రం నట్టు విప్పి, చక్రం ఊడదీసి, కొంగులో చుట్టుకుని గేటు దాటి వచ్చేశాను.

ఇప్పుడు ఆ గాలంతా పొగగొట్టంలోంచి వేడివేడిగా పైకి పోతోంది. అది మంచిదని నేను అనను. ఆకాశానికి చేటేనని నాకూ తెలుసు, అందుకే కదా ఇంతకాలం కడిగాను. కానీ మొన్న కూడా అది ఆకాశంలోకే పోయింది. కాకపోతే మా ఇళ్ళలోంచి, మా పిల్లల మీది నుంచి పోయింది. బావి తవ్విన రోజు పిలవమనండి, మళ్ళీ పోయి తొంభై అయిదు తీస్తాను.

పొద్దున ప్రభంజన్ సారు స్వయంగా వచ్చాడు. కలిపిన నేరం కింద నన్ను తీసేశారు. క్వార్టర్ తొంభై రోజుల్లో ఖాళీ చేయాలి. కోపాన్ని వేరు చేయకుండా డ్యూటీ ఎక్కినందుకు ఇంకో మెమో. అన్నిటికీ సంతకం పెట్టాను. ఈ పుస్తకం కూడా తీసుకుపొమ్మంటే వద్దన్నాడు. నేలమాళిగ నిండిపోయిందట, ఎవరివి వాళ్ళ ఇంట్లోనే ఉంచుకోవాలట.

చక్రం ఇచ్చెయ్యమన్నాడు. ఇయ్యనన్నాను. కావాలంటే కొత్తది చేయించుకోండి సారూ అన్నాను. ఆయన అక్కడే నిలబడి ఆలోచించాడు. ఆ వాల్వు మంటకు ముందు మొదలై మంట దగ్గర ముగుస్తుంది, అందులో పోయేది పాతాళానికి పోవాల్సిన గ్యాసు. మూడు శాఖల సంతకాలు కావాలి. ఏ శాఖా అది తమదని ఒప్పుకోదు. తక్కువలో తక్కువ రెండేళ్ళు పడుతుందని ఆయనే లెక్కకట్టి చెప్పాడు. గోడకు ఆనించి ఉన్న చక్రం ఆయనకు కనబడుతూనే ఉంది. తీసుకుపోలేదు. గుమ్మం దాటుతూ, స్వాధీనం చేసుకోవడం భద్రతా శాఖ పని అని మెల్లగా అన్నాడు. ఆయన ఒక నిబంధనను మా మేలు కోసం వాడడం నేను ఇన్నేళ్ళలో ఇదే చూశాను.

ఆయన పోయాక మామ ల్యాంపు వెలిగించి ఉత్త నేల మీద పెట్టాడు. నిలిచింది. మూల మూలకూ జరిపి చూశాడు, మంచం కింద పెట్టి చూశాడు, గడప మీద పెట్టి చూశాడు. నిలిచింది. అప్పుడు స్వరూప వైపు చూసి తల ఊపాడు. స్వరూప పిల్లను ఊయలలోంచి తీసి చాప మీద దింపింది. దింపి చేతులు తీయలేకపోయింది, నేనే తీయించాను.

లచ్చి కాసేపు ఎవరినీ చూడలేదు. చేత్తో నేలను తట్టింది. తర్వాత పాకింది. నేరుగా గోడ దగ్గరికి పోయి, చక్రం పట్టుకుని, ముడ్డి ఊపుకుంటూ లేచి నిలబడింది. నిలబడి మా అందరి వైపు తిరిగి ఒకటే నవ్వు.

మామ జేబులోంచి సుద్దముక్క తీశాడు. గడప పక్కన, నేలను ఆనుకుని, తేదీ వేసి, కింద పొట్టి సంతకం పెట్టాడు.